ఇంద్రాణి చిక్కుడు పందిరి

మణవాళనగర్‌లో ఇంద్రాణి పెరట్లో చిక్కుడు పందిరి చూసినవాళ్లెవరూ నవ్వకుండా పోరు. ఏ రెండు కట్టెలకూ పొంతన ఉండదు. చింతబరికె, వెదురుబద్ద, మగ్గం నుంచి ఊడిన కర్ర, మధ్యలో ఒక గరిటె. అన్నీ పిల్లల్ని కొట్టినవే.

ఎనభైల మొదట్లో ఆమె తిరుత్తణిలో ఒక ధర్మాసుపత్రి నర్సమ్మ. పిల్లల్ని వాతలు తేలేలా కొట్టే తల్లిదండ్రులతో మాట్లాడి మార్చడానికి ప్రతి శనివారం మద్రాసు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చేది. చేసింది ఒప్పుకునేవాళ్లనే పంపమనీ, ఒప్పుకోనివాళ్ల పిల్లల్ని హాస్టల్లో పెట్టాల్సిందేననీ ఆమె చెప్పింది. ఎవరు ఒప్పుకుంటారో ఏరే పని ఇంద్రాణిది.

అడిగితే ఏ తండ్రి ఒప్పుకుంటాడు? పిల్ల జారి పడిందంటాడు. అందుకని ఇంద్రాణి గడపలో నిలబడి చెయ్యి చాపేది.

"కొట్టే కట్టె యాడుంది? ఇట్లియ్యి."

ఇచ్చినవాడు ఒప్పుకున్నట్టే, డాక్టరమ్మ దగ్గరికి పనికొస్తాడు. ధనకోటి సిగ్గుపడుతూ బరికె ఇస్తే, భార్య తన గరిటె కూడా తెచ్చి పైన పెట్టింది. జయరామన్ గట్టివాడు, సంతలో కొత్త బెత్తం కొనుక్కొచ్చి ఇచ్చాడు. పట్టుకునే చోట వాడి వాడి అరిగిన నునుపే లేదని ఇంద్రాణి దాన్ని అతని మొహాన కొట్టినంత పని చేసింది. సాయంత్రం ఇంటికి పోవడానికి కట్టెల మోపుతో ఆమె రైలెక్కితే టికెట్ కలెక్టర్ కూడా పక్కకు జరిగేవాడు.

నేతగాడు పెరుమాళ్ దగ్గర ఈ పాచిక పారలేదు. అతని తల్లి లేని కూతురు దేవకికి చెంప వాచి కన్ను మూసుకుపోయింది. కట్టె అడిగితే లేదన్నాడు. ఇల్లంతా వెతికినా దొరకలేదు. వీడు పనికిరాడని తేల్చేసి, పిల్లను ఆసుపత్రిలో ఉంచి, సోమవారం హాస్టలుకు పంపే ఏర్పాటు చేసి ఇంద్రాణి ఇంటికొచ్చేసింది.

ఆదివారం పొద్దున పెరుమాళ్ ఇల్లు కనుక్కుని ఆమె పెరట్లోకి వచ్చాడు. పందిరిని చాలాసేపు చూసి, కుడిచెయ్యి ముందుకు చాపాడు.

"కట్టెతో కొట్లేదక్కా. దీంతో కొట్టినాను. దీన్ని యాడ పెట్టి పోయేది?"

ఇన్నాళ్లూ కట్టెల్ని చూసుకుంటూ మనుషుల్ని చూడలేదే అని ఇంద్రాణికి తన మీదే ఒళ్లు మండింది.

"శనివారం డాక్టరమ్మ దగ్గరికి ఆ చెయ్యి తీసుకొనే రా. పిల్ల హాస్టలుకు పోదు, ఆసుపత్రిలో మా దగ్గరే ఉంటాది. నీతో ఇంటికి ఎప్పుడొచ్చేదీ అదే చెప్తాది," అంది.

అతను తలూపాడు. ఊరికే నిలబడలేక, ఒరిగిన గరిటెను లేపి తాడుతో కట్టబోయాడు. ముడి పదే పదే జారిపోయింది. నేతగాడి చేతిలో ముడి జారడం ఇంద్రాణి అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.