చెల్లెమ్మ ఏరిన వెంపలి గింజలు

ఆ పొద్దున రెండు తప్పులు చేశాను. ట్రేలో మొలకెత్తిన వెంపలి మొక్కల్ని కలుపనుకొని పీకేశాను. తర్వాత ఆ నేరాన్ని ఉడతల మీదికి నెట్టాను. మొదటిది చేతి అలవాటు అనుకోవచ్చు. రెండోది మాత్రం నేను తెలిసే చేశాను.

తెనాలి నుంచి చేబ్రోలు పోయే దారిలో మాకు మొక్కలు పెంచే చిన్న షేడ్ నెట్ పందిరి ఉంది. మాకు అంటే నాకూ, టౌన్లో టైలర్ షాపు నడిపే నా స్నేహితుడికీ. నేనాయన్ని భాయ్ అంటాను. బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల్ని లారీల్లో తోలుకుపోయారు. మిగిలిన ఇసుక గాలికి లేచి చేల మీద పడుతోంది. అక్కడ పుట్టి పెరిగే పూలమొక్కల్నే మళ్ళీ నాటితే ఇసుక నిలుస్తుందని కొందరం పనికి దిగాం. తంగేడు, విష్ణుక్రాంతం, ఊదా రంగు పూలు పూసే వెంపలి. ఇవి ఎక్కడా కొనడానికి దొరకవు కాబట్టి గింజల నుంచి మేమే పెంచుతున్నాం.

వెంపలి నాకు కొత్త కాదు. కర్లపాలెం వైపు ఇసుక చేలల్లో మేం వేరుశనగ వేసేవాళ్ళం. అందులో వెంపలిని పీకుతూనే పెద్దవాణ్ణయ్యాను. ఈ సంగతి చెబితే భాయ్ భార్య, నేను చెల్లెమ్మా అని పిలిచే మనిషి, పడీ పడీ నవ్వింది.

"జన్మంతా దాన్ని పీకి పారేసి, ఇప్పుడు గొడుగు పట్టి నీళ్ళు పోస్తున్నారా అన్నయ్యా? అది మిమ్మల్ని క్షమించదు లెండి."

నవ్విందే గానీ, కిందటి వేసవిలో పుట్టింటికి రేపల్లె వెళ్ళినప్పుడు ఊరి బయట ఇసుక మెరక మీద తిరిగి గుప్పెడు వెంపలి గింజలు ఏరి, పాత సుర్మా డబ్బీలో పోసి తెచ్చింది. చిన్నప్పుడు మేకల్ని తోలుకెళ్ళిన మెరకట. తర్వాత దాన్ని రొయ్యల చెరువుకు తవ్వేశారు. మొన్న చలికాలంలో చెల్లెమ్మ కూడా పోయింది. ఆ గింజలు మొలిస్తే, తొలకరికి దిబ్బ మీద తన చేత్తో నాటాలని భాయ్ కోరిక. ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

వేడినీళ్ళలో నానబెట్టి ఇద్దరం కలిసే విత్తాం. ఎన్నాళ్ళకీ మొలవలేదు. గట్టి గింజ, ఓపిక పట్టాలి అని ఆయనకు చెబుతూనే నేను లోపల ఆశ వదిలేసుకున్నాను. ఆ ట్రే వైపు చూడటం కూడా మానేశాను.

ఆ పొద్దున నెట్ లోకి వెళ్ళేసరికి, ఇంకా మొలవని విష్ణుక్రాంతం ట్రే ఉండే చోట ఏవో మొలకలు. వెంపలి అని నాకంటే ముందు నా చెయ్యి గుర్తుపట్టింది. విష్ణుక్రాంతంలో వెంపలంటే కలుపే. ఫోన్లో ఎవరితోనో కొబ్బరిపొట్టు బస్తాల గురించి మాట్లాడుతూ, రెండో చేత్తో ఒక్కొక్కటీ లాగి బయట ఎండలో పడేశాను. ఫోన్ పెట్టేశాక ట్రే అంచున ఆకుపచ్చ గుడ్డపీలిక కనిపించింది. చెల్లెమ్మ గింజల ట్రేకి గుర్తుగా భాయ్ కట్టిన పీలిక. పడమటెండ తగులుతోందని ముందురోజు ఆయన ట్రేల చోట్లు మార్చాడు.

అంతలో టీ ఫ్లాస్కుతో ఆయనే వచ్చాడు.

"చూశారా అన్నయ్యగారూ? నిన్న సాయంత్రమే తలెత్తాయి. ఫోన్ చేద్దామనుకొని ఆగాను. మీరే చూసి నాకు చెబుతారని."

వంగి చూశాడు.

"ఏమయ్యాయండీ?"

"ఉడతలు భాయ్," అన్నాను. "ఆ మూల నెట్ చిరిగింది కదా."

ఆయన ఆ మూలకేసి చూశాడు. "అది కుట్టింది నేనేనండి. తొందరలో దూరం దూరం కుట్లు వేశాను. ఊరందరి బట్టలూ కుడతాను, సొంత పనికొచ్చేసరికి ఇలా తగలెట్టాను."

జేబులోంచి సూదీ దారం తీసి నేల మీద కూర్చున్నాడు. దగ్గర దగ్గరగా, చొక్కా కాలరు కుట్టినట్టు కుట్టాడు. నేను టీ తాగుతూ నిలబడ్డాను. చెప్పడానికి బోలెడు వ్యవధి ఉంది. చెప్పలేదు.

ఆయన వెళ్ళాక పారేసిన మొలకల్ని ఏరి, మళ్ళీ ట్రేలో గుచ్చి నీళ్ళు చల్లాను. రోహిణి కార్తె ఎండ. మధ్యాహ్నానికి అన్నీ తలలు వాల్చేశాయి.

సాయంత్రం షాపుకు వెళ్ళాను. మిషను మీద ఎవరిదో స్కూలు యూనిఫాం ఉంది. కూర్చోకుండానే చెప్పేశాను.

"ఉడతలు కాదు భాయ్. నేనే పీకాను, కలుపనుకొని. మీరు నెట్ కుడుతుంటే చూస్తూ ఊరుకున్నాను."

ఆయన మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"అన్నీనా?"

"అన్నీ."

"తను అననే అంది, అది మిమ్మల్ని క్షమించదని." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "పీకినందుకు ఏమీ లేదండి. పొద్దుటి నుంచీ నా చేతుల్ని తిట్టుకుంటున్నాను. అది మీరు చూశారు కదా."

ఆయన మళ్ళీ యూనిఫాం మీదికి వంగాక నేను షాపు మెట్లు దిగాను.

మర్నాడు పొద్దుటి రైలుకు రేపల్లె వెళ్ళాను. మెరక ఉన్నచోట చెరువూ, నీళ్ళు చిమ్మే ఏరేటర్లూ. గట్టు వెంట వంగి వెతుకుతుంటే కాపలా మనిషి వచ్చాడు.

"ఏంటి బాబాయ్, రొయ్యల కోసం వచ్చావనుకుంటే గడ్డి పీక్కుంటున్నావ్? మేకలున్నాయా ఏంటి?"

లేవన్నాను. కంచె అవతలి వాలులో ఎండిన కాయలతో వెంపలి మొక్కలు కాసిని దొరికాయి. ఇంటికి పోకుండా తిన్నగా షాపుకు వెళ్ళి కాయల్ని మిషను బల్ల మీద పెట్టాను.

"ఆ మెరకవేనా?" అన్నాడు భాయ్. గొంతులో ఆశ ఉంది. అవునంటే సరిపోయేది.

"మెరక లేదు భాయ్. చెరువు గట్టువి. ఆ మట్టితోనే గట్టు పోశామని కాపలా మనిషి అన్నాడు. నిజమో కాదో నాకు తెలీదు."

ఆయన సొరుగులోంచి ఖాళీ సుర్మా డబ్బీ తీశాడు. కాయలు చిట్లించి గింజలు అందులో పోసుకున్నాడు. నా చేతికి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపి ట్రే నింపి, నీళ్ళు కాచి ఆయనకు కబురు చేశాను. ఆయనే విత్తాడు. నేను నీళ్ళు చల్లాను. తొలకరికి ఇవి అందిరావని ఇద్దరికీ తెలుసు.