రెండు చూద్దాంలు

ఆ సెలూన్ బోర్డు మీద పేరు వేరే ఏదో ఉండేది గానీ, వచ్చేవాళ్ళంతా దాన్ని లైబ్రరీ అనేవారు. పుస్తకాలు ఉండి కాదు. లోపల ఇద్దరు మనుషులు పొద్దస్తమానం పనిచేస్తున్నా కత్తెర చప్పుడు తప్ప మరోటి వినపడేది కాదు. మామూలుగా కటింగ్ షాపంటే ఎవరింట్లో ఎవరు అలిగారో, ఎవరి పిల్ల ఎవరితో కనబడిందో అన్నీ ఆ కుర్చీలోనే తేలతాయి. ఈ షాపులో మాత్రం మాట్లాడాలనుకుంటే గడ్డం కింద కత్తి ఉన్నవాడే మాట్లాడుకోవాలి. కత్తి పట్టుకున్నవాడు పలకడు.

ఇద్దరిలో పెద్దాయన తాత. రెండో ఆయన తాతకి బావమరిది, అంటే అమ్మమ్మకి తమ్ముడు. ఇంట్లో పిల్లలందరికీ చిన్నతాత. ఇద్దరినీ ఒకే అచ్చులో పోసి తీశారని అందరూ అనేవారు. ఇద్దరికీ రేడియో గిట్టదు. తుడిచిన దువ్వెననే మళ్ళీ తుడుస్తారు. పదిమంది చేరిన చోటికి వెళ్తే ఇద్దరూ ఒకే మూల వెతుక్కుని, పక్కపక్కనే కూర్చుని, గోడకి కాపలా కాస్తారు. ఎవరైనా జోకేస్తే అప్పుడు నవ్వరు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ నవ్వుతారు. అమ్మమ్మ వాళ్ళకి జంట తాళంకప్పలని పేరు పెట్టింది.

"ఒకదాన్ని కట్టుకున్నాను, ఇంకోటి పుట్టింటి నుంచి వెంట వచ్చింది. తాళంచెవి మాత్రం ఎవ్వరూ ఇవ్వలేదు," అనేది.

ఇద్దరికీ టీ తెప్పిస్తే రెండు గ్లాసులూ చల్లారేవి. తాతది ఎందుకు చల్లారేదంటే, ఈ తల పూర్తయ్యాకే తాగాలని ఆయన ముందే తీర్మానించుకుని ఉండేవాడు కాబట్టి. చిన్నతాతది ఎందుకంటే, టీ వచ్చిందన్న సంగతే ఆయనకి తెలియదు కాబట్టి. రెండు గ్లాసుల మీదా మీగడ ఒకేలా కట్టేది. బయటివాడికి తేడా ఏం తెలుస్తుంది?

తేడా తెలియాలంటే తల అప్పగించి కూర్చోవాలి. మనిషి గుమ్మం ఎక్కి, చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చునేలోపు తాత అతన్ని ఒక్కసారి చూసేవాడు. మెడకి గుడ్డ కట్టేసరికి ఆయన బుర్రలో ఆ క్షవరం అయిపోయేది. తర్వాత చేతులు చేసేదంతా అప్పజెప్పడమే. మధ్యలో ఎవరైనా "పక్కన కొంచెం ఎక్కువ ఉంచండి" అన్నారో, సగం దారిలో బస్సుని వేరే ఊరికి తిప్పమన్నట్టు మొహం పెట్టేవాడు.

చిన్నతాతకి మొదలుపెట్టేటప్పుడు ఏమీ తెలియదు. కొంచెం కత్తిరించి, వెనక్కి జరిగి, కుర్చీ తిప్పి, మళ్ళీ చూసేవాడు. సుడి కుడివైపే ఎందుకు తిరిగింది? ఈ వెంట్రుక తడిపినా ఎందుకు వంగదు? కత్తెర గాల్లో అలాగే ఆగిపోయేది. ఒకసారి ఒక పంతులుగారిని అరగుండుతో వదిలేసి, వెలుతురు అటునుంచి ఎలా పడుతోందో చూద్దామని రోడ్డు అవతలికి వెళ్ళిపోయాడు. పంతులుగారు అద్దంలో తనని తాను చూసుకుంటూ, "నాకేమైనా జబ్బా?" అని తాతని అడిగారు. తాత తల అడ్డంగా ఊపాడు. అంతకుమించి ఓదార్పు ఆ షాపులో దొరకదు.

ఇంత తేడా ఉన్నా, ఇద్దరికీ ఊతపదం ఒక్కటే. చూద్దాం.

తాత నోట ఆ మాట వచ్చిందంటే ఆ విషయం అక్కడితో సరి. పాత కుర్చీల బదులు బటన్ నొక్కితే లేచే కుర్చీలు కొనమని ఏజెంటు వస్తే, చూద్దాం. కూతురు తన గదికి గులాబీ రంగు వేయిద్దామంటే, చూద్దాం. అంటే కాదని అర్థం. మొహం మీద కాదంటే మళ్ళీ ఎందుకని అడుగుతారు, అడిగితే మాట్లాడాలి. ఆ బాధంతా లేకుండా తలుపు మెల్లగా వేసే పద్ధతి అది. ఇంట్లో అందరికీ ఇది పాఠం. ఎక్కాలు రాని పిల్లలకి కూడా తాత చూద్దాంకి అర్థం వచ్చు. దాంతో చిన్నతాత చూద్దాంకి కూడా అదే అర్థమని అందరూ అనుకున్నారు. అందరికంటే ఎక్కువగా తాత అనుకున్నాడు.

ఒకరోజు మందుల షాపాయన గడ్డానికి వచ్చి చిన్నతాత కుర్చీలో కూర్చున్నాడు. రైల్వే స్టేషన్ దగ్గర కొత్తగా షాపుల వరస కట్టించాడు. నురగ మధ్యలోంచి అన్నాడు:

"ఏమోయ్, అందులో మూల గది నీకిస్తాను. అద్దాలవీ నేనే పెట్టిస్తా. సొంతంగా నడుపుకో. ఎంతకాలమని మీ బావ పక్కన నిలబడతావు?"

పక్క కుర్చీ దగ్గర తాత కత్తెర ఆగింది. ఆయన కత్తెర మధ్యలో ఆగడం అదే మొదలు.

చిన్నతాత కత్తిని తుడిచి, "చూద్దాం," అన్నాడు.

తాత కత్తెర మళ్ళీ నడిచింది. కాదనేశాడు, అయిపోయింది. ఆ సాయంత్రం ఆయన టీ వేడిగా తాగాడని, అమ్మమ్మ కోసం దారిలో పూలు కూడా కొన్నాడని చెబితే తర్వాత ఎవరూ నమ్మలేదు గానీ, నిజం. ఆయన చేతులు కొన్నాళ్ళుగా సన్నగా వణుకుతున్నాయి. గడ్డాలు మెల్లగా చిన్నతాత వైపు జరుగుతున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. చిన్నతాతే, "ఇటు రండి," అని వాళ్ళని పిలిచి కూర్చోబెట్టుకునేవాడు. ఆ బావమరిది పక్కన లేకపోతే షాపులో తను ఏమిటన్నది తాత తనతో తాను కూడా అనుకోని మాట.

వారం తిరగకుండానే కత్తెర్లకి పదును పెట్టించడానికి స్టేషన్ వైపు వెళ్ళాడు తాత. కొత్త వరసలో మూల గది తలుపులు తీసి ఉన్నాయి. లోపల చిన్నతాత. ఖాళీ గది మధ్యలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, గుండ్రంగా తిరుగుతున్నాడు. ఒక గోడని తట్టాడు. కిటికీ దగ్గర వంగాడు. మొహం వెలిగిపోతోంది.

తాత లోపలికి వెళ్ళలేదు, పిలవలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాడు. పైకి కాదని, లోపల అవునని, తన వెనకాల గది కొలుచుకుంటున్నాడు. అంటే తేల్చేసుకున్నాడన్నమాట. ఆయన లెక్కలో మనిషి గది చూడ్డానికి వెళ్ళాడంటే, వెళ్ళాలా వద్దా అన్నది ఎప్పుడో తేలిపోయి ఉండాలి. తేలకుండా ఎవడైనా వెళ్తాడా?

ఇంటికొచ్చి అమ్మమ్మతో చెప్పలేదు. మర్నాడు అందరికంటే ముందు షాపు తెరిచి, స్పానర్ తీసుకుని, చిన్నతాత కుర్చీ బోల్టులు విప్పేశాడు. కుర్చీని గోడ వారకి లాగి, మీద గుడ్డ కప్పాడు. ఎలాగూ పోయేవాడికి పోతానని చెప్పే శ్రమ ఇవ్వకూడదని ఆయన ఉద్దేశం. ఇది ఆయన దృష్టిలో మర్యాద!

చిన్నతాత వచ్చాడు. కుర్చీ ఉండాల్సిన చోట నేల మీద నాలుగు రంధ్రాలు. వాటిని వంగి చూశాడు. గుడ్డ ఎత్తి కుర్చీ చూశాడు. బావ మొహం చూశాడు. అది ఎప్పటిలాగే ఉంది, గోడలా. ఏమీ అడగలేదు. ఆలోచించుకున్నాడు. బోల్టులు తుప్పు పట్టాయా? నేల తవ్వుతారా? కుర్చీకి రంగు వేయిస్తున్నాడా? ఆయనకి ఒక ప్రశ్న దొరికితే అది పండులాంటిది. ఒలుచుకుంటూ కూర్చోవాల్సిందే. వచ్చినవాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి, తను వంగి కత్తిరించడం మొదలుపెట్టాడు. బల్ల మీద కూర్చున్న పంతులుగారు మాత్రం ఈసారి కూడా అడిగారు.

"ఏమిటయ్యా, నాకు కుర్చీ ఇవ్వకపోవడానికి నేనేం చేశాను?"

అలా చాలా రోజులు నడిచింది. తాత ప్రతి ఉదయం బావమరిది ఆఖరి రోజు ఇదేనని లెక్క వేసుకునేవాడు. సాయంత్రానికి చిన్నతాత మళ్ళీ రేపొస్తానన్నట్టు గొడుగు మేకుకి తగిలించి వెళ్ళేవాడు. తాతకి అన్నం సయించడం మానేసింది.

చివరికి అన్నం క్యారేజీ తీసుకుని అమ్మమ్మ వచ్చింది. గుడ్డ కప్పిన కుర్చీ చూసింది. బల్ల దగ్గర నడుం పట్టుకుని నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది.

"ఏవండీ, ఇదేమిటి?"

"వెళ్ళిపోతున్నాడు," అన్నాడు తాత.

"ఎవరు?"

తాత గడ్డంతో చూపించాడు.

"ఒరేయ్, నువ్వు వెళ్ళిపోతున్నావా?"

"నేనా? లేదక్కా. ఎక్కడికి?" అని చిన్నతాత నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"కొత్త గదిలో నిన్ను నేను చూశాను," అన్నాడు తాత.

"చూద్దాం అన్నాను కదా బావా. చూడ్డానికి వెళ్ళాను."

"చూద్దాం అంటే?"

"చూద్దాం అంటే చూద్దామనే. ఇంకేముంటుంది?"

అమ్మమ్మ క్యారేజీ బల్ల మీద పెట్టి, పక్కనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "దేవుడా, ఇన్నేళ్ళుగా ఒకే మాట అంటున్నారు, ఒకళ్ళది ఒకళ్ళకి అర్థం కాలేదు," అంది. మరుక్షణం గొంతు మారింది. "రేపు షాపు సెలవు. మీ ఇద్దరూ ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు కత్తిరించుకునే రోజే కదా. మాట్లాడుకోకుండా ఇంటికొచ్చారంటే తలుపు తీయను. వాడు నోరు తెరవడు, మీరు మొదలెట్టండి."

మర్నాడు ఉన్నది ఒక్క కుర్చీ, తాతది. అందులో చిన్నతాత కూర్చున్నాడు. తాత గుడ్డ కట్టాడు. ఎప్పటిలాగే ఆ తలని ఒక్కసారి చూశాడు. ఏమీ కనబడలేదు. ఇన్నాళ్ళుగా చూస్తున్న తల, కళ్ళు మూసుకుని కత్తిరించగల తల. అయినా అది పూర్తయితే ఎలా ఉంటుందో బుర్రలోకి రావడం లేదు. కత్తెర మాత్రం కదిలింది.

"గది బాగుందా?" అన్నాడు కాసేపటికి.

"వెలుతురు బాగుంది. ఉత్తరం కిటికీ. నీళ్ళు లేవు. స్టేషన్ మనుషులు తొందరలో ఉంటారు, నేను నెమ్మది. కొత్తవాళ్ళ తలలు చూడొచ్చు, అది మంచిదే. ఇంకా తేలలేదు," అన్నాడు చిన్నతాత. అంత పొడుగు మాట ఆయన నోట ఆ షాపు ఎప్పుడూ వినలేదు.

తాత ఎడమవైపు ఇంకొంచెం తీశాడు. అవతలివాడు ఏమంటాడో ముందే తెలియకుండా ఆయన జీవితంలో ఎప్పుడూ నోరు విప్పలేదు. అద్దంలోకి చూడకుండా, మెడ వెనక వెంట్రుకలతో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"ఉండిపో."

చిన్నతాత కదలబోయాడు. "కదలకు," అన్నాడు తాత. "గడ్డాలు నేను చెయ్యలేను. చెయ్యి ఆగడం లేదు. నువ్వు లేకపోతే నేను షాపు మూసేస్తాను. అది నీకు తెలుసనుకున్నాను."

"వణుకు తెలుసు. నన్ను ఉండమంటావని తెలియదు. అది నేను లెక్కలో వేసుకోలేదు."

"ఎందుకు వేసుకోలేదు?"

"నువ్వు చెప్పలేదు కదా బావా. చెప్పందాన్ని ఎలా వేసుకుంటాను?"

చెప్పక్కర్లేదని తాత ఎప్పుడో తేల్చేసుకున్న విషయం అది. కత్తెర కుడివైపు నడిచింది, మళ్ళీ ఎడమవైపు సరిచెయ్యబోయింది, మళ్ళీ కుడివైపు. చివరికి గుడ్డ దులిపి పక్కకి జరిగాడు.

చిన్నతాత అద్దంలో తల ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. ఒక పక్క చెవి మొత్తం బయటపడింది, ఇంకో పక్క చెవి సగమే. నడినెత్తిన మేక మేసినట్టు ఉంది. చాలాసేపు చూశాడు, అదెలా జరిగిందో అర్థం చేసుకోవాలన్నట్టు.

"ఈ తలతో కొత్త షాపు తెరిస్తే, వచ్చినవాడు గుమ్మంలోంచే పారిపోతాడు బావా. ఉంటాలే."

"జుట్టు పెరిగాక?" అన్నాడు తాత.

"పెరిగాక మళ్ళీ నువ్వే కదా కత్తిరించేది," అన్నాడు చిన్నతాత.