పోశవ్వకు బొక్కలు పడ్డాయి

ఇద్దరూ ఒక్క కడుపున పుట్టినవాళ్లే. అరవై దాటిన సారవ్వ గోదావరిఖనిలో ఇప్పటికీ బియ్యం మూట భుజానేసుకుని మేడమెట్లు ఎక్కేస్తుంది. ఆమెకంటే రెండేళ్లే పెద్దదైన అక్క పోశవ్వ మాత్రం వాకిట్లో ఇలా జారి అలా తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. అసలు తంటా ఆ తర్వాతే. దవాఖాన మంచం దిగనంటే దిగనని పోశవ్వ మొండికేసింది.

నడవకపోతే ఇక మంచానికే పరిమితమైపోతుందని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి సారవ్వకు ముద్ద దిగడం లేదు. అలాగని నోరు ఊరుకుంటుందా?

"ఏందక్కా, పెండ్లిపిల్ల లెక్క కాలు కింద పెడ్తలేవు? పారాణి చెరుగుతదా?"

"నీకేం తెల్సే! బొక్కలు పడ్డయని డాక్టరమ్మ చెప్పలే? లేస్తె ఉన్నయి గూడ రాల్తయి!"

సారవ్వకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తిన్నగా వెళ్లి డాక్టరమ్మనే పట్టుకొచ్చింది. సంగతి విని ఆ పిల్ల నాలుక కరుచుకుంది. ఆమెది కాకినాడ. అక్కడ బొక్కంటే చిల్లు, ఇక్కడ బొక్కంటే ఎముక. ఎముకల్లో చిల్లులు పడ్డాయని తను విడమరిచి చెప్పాననుకుంటే, పోశవ్వ తన ఎముకలు ఊడి పడ్డాయనుకుని ఊడ్చే మనిషితో మంచం కింద కూడా వెతికించిందట!

"అయ్యో, ఎక్కడివక్కడే ఉన్నాయమ్మా! లోపల గుల్లబారాయి, అంతే. చిన్నప్పుడు ఏం తినేవారు?"

"మా అవ్వ పెట్టింది తిన్న," అంది పోశవ్వ బుద్ధిగా.

"మరి మీరో?"

"పెట్టనిది తిన్న," అంది సారవ్వ సిగ్గూ శరం లేకుండా.

కమాన్‌పూర్‌లో పుట్టింట్లో రెండు బర్రెలుండేవి. పాలన్నీ బొగ్గుబాయి కాలనీకి అమ్మకానికి పోయేవి, పిల్లలకు జొన్న గట్క, పచ్చిపులుసు మిగిలేవి. సారవ్వ ఊరుకునే రకమా! ఉట్టి మీది మీగడ, కుండలో నువ్వులు, దాచిన గుడ్లు, చేతికి ఏది అందితే అది స్వాహా. కన్న అవ్వ చేత దెబ్బలు తిని మళ్లీ ఉట్టెక్కేది. పోశవ్వేమో మంచి పిల్ల.

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. "అదొక్కటే కారణమని చెప్పలేంగానీ, చిన్నతనంలో, వయసులో తిన్న తిండితోనే ఎముక గట్టిపడుతుంది. తర్వాత దాన్ని కాపాడుకోవడమే. ఇప్పుడైనా మందులు వేసుకుని, పాలూ గుడ్లూ తిని నడిస్తే ఉన్నది నిలబడుతుందమ్మా."

పోశవ్వ మొహం చిన్నబోయింది. "మంచి పిల్ల అనిపిచ్చుకున్నందుకు నాకు దక్కింది గిదానే, చెల్లె?"

సారవ్వకు నోటిదాకా తిట్టొచ్చింది. తిడదామంటే అవ్వ ఎప్పుడో పోయింది. ఎవరిని తిడుతుంది?

మర్నాడు బియ్యప్పిండిలో నువ్వులు దండిగా పోసి సర్వపిండి కాల్చి తెచ్చింది. వాసనకు వార్డంతా తలలు తిప్పింది. తెచ్చింది తెచ్చినట్టు కిటికీ గూట్లో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇటు తే చెల్లె."

"తేను. కావాల్నంటె దొంగతనం జెయ్."

పోశవ్వ గుమ్మం వంక బెదురుగా చూసింది, అవ్వ ఎక్కడ వచ్చి పడుతుందోనన్నట్టు. నర్సమ్మ వాకర్ అందించి నడుం దగ్గర పట్టుకుంది. "దొంగదానా, నీ నోట్ల మన్ను వడ" అని చెల్లెల్ని తిట్టుకుంటూ ఒక్కో అడుగూ వేసింది. కిటికీ చేరి, ముక్క విరిచి గబుక్కున నోట్లో కుక్కుకుంది. కళ్లమ్మట నీళ్లు, నోటినిండా నువ్వులు.

"రేపు ఇంకింత దూరం పెట్టు," అంది పోశవ్వ.