మూడు బెత్తెల పొద్దు

నా నోటి దురుసు సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. నా కొట్టుకి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలిచ్చి, మారుమాట్లాడకుండా వెళ్ళిపోతారు. మా అన్నయ్య ఒక్కడే, చెల్లెల్ని కదా, నేను ఏమన్నా నవ్వేవాడు. ఆయన్ని అందరూ పావురాలాయన అనేవాళ్ళు. సొంత పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి ఆయనే పలికేవాడు కాదు.

ఆయన ఉద్యోగం నీళ్ళ మీటర్ల రీడింగు తీయడం. ఇంటింటికీ తిరిగి, గోడవార వంగి, మీటరు మీది బురద తుడిచి అంకెలు రాసుకోవడం. పగలంతా వంగి వంగి పనిచేసిన మనిషి సాయంత్రం మేడ మీదికి ఎక్కాడంటే నడుం నిటారుగా అయిపోయేది. అక్కడ చెక్కపెట్టెలతో తనే కట్టుకున్న గూళ్ళు, వాటిలో ఇరవై రెండు తెల్లపావురాలు. మా వదిన పోయేనాటికి పిల్లకి ఆరేళ్ళు. ఆ తర్వాత తండ్రీకూతుళ్ళు బతికింది ఆ మేడ మీదే అంటే అబద్ధం కాదు. పిల్ల హోంవర్కు అక్కడే, తల దువ్వడం అక్కడే, అలిగితే గూళ్ళ వెనక దాక్కోవడం కూడా అక్కడే.

ఊళ్ళో పెళ్ళిళ్ళకి అన్నయ్యని పిలిచేవాళ్ళు. కొత్త దంపతులు మెట్లు దిగుతుంటే ఆయన పెట్టె మూత తీసేవాడు, నాలుగు పావురాలు రివ్వున లేచేవి. మూగజీవాలకి స్వేచ్ఛ ఇచ్చామని పెళ్ళివారు మురిసిపోయేవాళ్ళు. వాళ్ళు ఫొటోలు చూసుకుంటూ ఉండగానే అవి మా మేడ మీదికి వచ్చి గింజలు తింటుండేవి. అన్నయ్య బస్సు దిగి వచ్చేసరికి ఎప్పుడూ అవే ముందు. అదొక పెద్ద జోకు ఆయనకి, ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా నవ్వేవాడు.

ఒక్క విషయంలో మాత్రం మొండివాడు. వదిలే ముందు చెయ్యి బారచాపి, నాలుగు వేళ్ళూ కలిపి అడ్డంగా పెట్టి, సూర్యుడికీ ఇళ్ళ కప్పులకీ మధ్య ఎన్ని బెత్తెల ఎడముందో కొలిచేవాడు. మూడు బెత్తెల పొద్దు ఉంటేనే మూత తీసేది. పావురానికి చీకట్లో దారి తెలియదు. పొద్దుగూకితే ఎక్కడ ఉంటే అక్కడే వాలిపోతుంది. తెల్లది కాబట్టి పిల్లికీ గుడ్లగూబకీ ఇట్టే కనిపిస్తుంది. ఒకసారి పొద్దు చాలదని వదలకపోతే ఎవరో పెళ్ళికొడుకు మేనమామ నానా మాటలూ అన్నాడు. అన్నయ్య పెట్టె భుజాన పెట్టుకుని వచ్చేశాడు.

మా మేనకోడలు ఎనిమిదేళ్ళప్పుడే అడిగింది, నా పెళ్ళికి నాలుగు కాదు, అన్నీ వదలాలి అని. అన్నయ్య సరేనన్నాడు. పెళ్ళి కుదిరిన రోజు నుంచీ ఆయనకి అదే ధ్యాస. పెళ్ళికూతురి బట్టలు నేను కుడుతుంటే, ఆయన మా కొట్లోనే కూర్చుని పావురాల్ని మోసుకెళ్ళే పెట్టెలకి తెల్లరంగు వేశాడు.

పెళ్ళి హాలు నదికి అవతల, ఊరికి ఆ చివర. నాలుగింటికి ముహూర్తమనుకున్నాం. పెళ్ళికొడుకు వాళ్ళ బస్సు వంతెన మీద ఇరుక్కుపోయింది. వాళ్ళు వచ్చి, పెళ్ళి జరిగి, సంతకాలయ్యి, పిల్లాపిల్లాడూ మెట్ల మీదికి వచ్చేసరికి ఎండ పసుపురంగుకి తిరిగింది. జనం ఫోన్లు పట్టుకుని పైకెత్తి నిలబడ్డారు. అన్నయ్య చెయ్యి చాపాడు. ఒకటిన్నర బెత్తె. చెయ్యి దించేసి నా వైపు చూసి, "పొద్దు చాలదమ్మా" అన్నాడు.

పిల్ల ఆ మాట వింది. "వద్దు నాన్నా, వదలొద్దు" అంది. నవ్వుతూనే అంది. అక్కడితో ఆ సంగతి ముగిసిపోవలసింది. కానీ పెళ్ళికొడుకు తరఫు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నా కంటపడింది. ఒళ్ళు మండిపోయింది. వాళ్ళని ఏమీ అనలేక అన్నయ్య మీద పడ్డాను. "ఊరందరి పిల్లల పెళ్ళిళ్ళకీ వదిలావు, తల్లిలేని పిల్ల, సొంత కూతురికి నీకు చేతులు రాలేదా?" అన్నాను. అందరికీ వినపడేటట్టే అన్నాను.

అన్నయ్య నన్ను చూడలేదు. కూతుర్నే చూశాడు. తర్వాత వంగి వరసగా మూతలన్నీ తీసేశాడు. ఇరవై రెండూ ఒక్కసారిగా లేచాయి. అంత అందమైన దృశ్యం నేను మళ్ళీ చూడలేదు, పాపిష్టిదాన్ని, చప్పట్లు కూడా కొట్టాను. అవి హాలు మీద ఒక చుట్టు తిరిగి నది వైపు మళ్ళాయి. అన్నయ్య భోజనం కూడా చెయ్యకుండా ఇంటికి బయల్దేరాడు.

మర్నాడు పొద్దున నేను మేడ ఎక్కేసరికి పెళ్ళి చొక్కాతోనే నిలబడి గింజల డబ్బా ఆడిస్తున్నాడు. మధ్యాహ్నానికి మూడు పావురాలు వచ్చాయి. మూడోనాడు ఇంకొకటి, రెక్క ఈడ్చుకుంటూ. అంతే. ఆయన సెలవు పెట్టి, హాలు నుంచి మా ఇంటిదాకా వీధి వీధీ నడిచాడు. ఏళ్ళ తరబడి మీటర్లు చూసినవాడు, ఆ ఇళ్ళన్నీ ఆయనకి తెలుసు. తలుపు తట్టి, తెల్లపావురం ఏమన్నా వాలిందా అని అడిగేవాడు. కొందరు పాపం గోడ పక్కన పడి ఉన్న ఈకలు ఏరి తెచ్చి చేతిలో పెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

పిల్ల ఫోన్ చేస్తే అన్నీ వచ్చేశాయని చెప్పాడు. అయిదోరోజు అది మొగుడితో వచ్చింది. అల్లుణ్ణి నా కొట్లో కూర్చోబెట్టి, తను తిన్నగా మేడ ఎక్కింది. నేనూ వెనకే ఎక్కాను. అన్నయ్య రెక్క విరిగినదానికి నీళ్ళు పట్టిస్తున్నాడు. పిల్ల ఖాళీ గూళ్ళన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, ఆయన పక్కన కూలబడింది.

నేనుండబట్టలేక, నా మాట వల్లే వదిలాడు, నన్ను తిట్టవే అని ఏడ్చాను.

"నీ మాట నేనెప్పుడు విన్నాను గనక" అన్నాడు అన్నయ్య. అంత దుఃఖంలోనూ నన్ను వెక్కిరించాడు. పిల్ల, మరెందుకు వదిలావు నాన్నా అని అడిగింది.

ఆయన నీళ్ళగిన్నె పక్కన పెట్టి చెప్పాడు. "నువ్వు వద్దన్నావు కదమ్మా, అందుకు. కొత్త చెప్పులంటే వద్దన్నావు. సైకిలంటే వద్దన్నావు. విహారయాత్రకి బడిపిల్లలంతా వెళ్తుంటే నాకొద్దన్నావు. అన్నీ కావాలనుకుంటూనే, నాకు కష్టమని వద్దనేదానివి. నాకు తెలియదనుకున్నావా? ఇదొక్కటన్నా నీకు దక్కాలనుకున్నాను."

పిల్ల ఆయన చేతిలోని పావురం వీపు నిమిరింది.

"అవన్నీ కావాలనుకుంటూనే వద్దన్నాను నాన్నా" అంది. "ఇదొక్కటీ నిజంగానే వద్దన్నాను."

అన్నయ్య పావురాన్ని పిల్ల ఒళ్ళో పెట్టి, గింజల డబ్బా అందుకున్నాడు.