నీలి తలపాగా పేషెంటు

బందరు ఆసుపత్రిలో నేను నర్సింగ్ నేర్చుకుంటున్న రోజుల్లో, పామర్రు దగ్గర లారీ బోల్తాపడి తొడ ఎముక విరిగిన ఒక పెద్దాయన్ని మా వార్డుకు తెచ్చారు. నీలం బట్టలు, ఎత్తైన నీలి తలపాగా, దాని చుట్టూ ఉక్కు చక్రాలు. నాందేడ్ గురుద్వారాకు వచ్చినవాడు, సముద్రం చూద్దామని తమవాళ్ళ లారీ ఎక్కాడట. నాకు కాస్త హిందీ వచ్చు కనుక ఆయన్ని నాకు అప్పగించారు.

"వెంట ఎవరున్నారు?" అని అడిగాను.

"సవా లక్ష మందిమి వచ్చాం."

చుట్టూ చూశాను. ఒక్కడే.

నా కంగారుకు నవ్వి, తాను నిహంగు సిక్కునన్నాడు. గురు గోవింద్ సింగ్ నాటి సైన్యానికి వారసులట. పూర్వం నవాబులు తలలకు వెలకట్టి వేటాడితే, వాళ్ళు అడవుల్లో గుర్రాల మీదే బతికారు. మనసు కుంగకుండా మాటల్నే మార్చుకున్నారు. ఒక్కడుంటే సవా లక్ష. వేయించిన శనగలు బాదంపప్పు. చావు దండయాత్ర.

"మరి ఈ మంచాన్నేమంటారు?"

ఎముక కదలకుండా కాలికి కట్టిన తాళ్ళనూ, వాటికి వేలాడే ఇసుక సంచుల్నీ చూసుకున్నాడు. "దీనికి మా దగ్గర మాట లేదమ్మా."

ఆయన కిటికీలోంచి మా హాస్టలు గోడే కనిపించేది. ఆదివారం చర్చికి తప్ప మేమూ ఆ గోడ దాటేవాళ్ళం కాదు.

ఒక మధ్యాహ్నం ఒంటిమీది చిన్న కత్తితో తాళ్ళు కోసేసి లేవబోయి పడిపోయాడు. మేట్రన్ గారు కత్తి లాక్కుని బీరువాలో పెట్టారు. "ఎముక మళ్ళీ జరిగింది. ఇంకో రెండు నెలలు కదలడానికి లేదని చెప్పు."

చెప్పాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మర్నాటిదాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"ఆ కత్తి వాళ్ళ మతానికి గుర్తండీ. నా మెళ్ళో సిలువ లాంటిది. తీయకూడదండీ," అన్నాను మేట్రన్ గారితో.

"మళ్ళీ కోస్తే?"

"నేను కనిపెట్టుకుని ఉంటానండీ."

ఇచ్చారు. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని పాలు తాగాడు. ఆ తర్వాత తాళ్ళ జోలికి పోలేదు గానీ, కథలూ చెప్పలేదు. పగలంతా ఆ గోడనే చూస్తూ పడుకునేవాడు.

చివరికి తాళ్ళు విప్పితే ఆ కాలు పొట్టిదైంది. ఇక గుర్రం ఎక్కలేడన్నారు డాక్టరు గారు. అదీ నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన మంచం అంచున కూర్చుని, వరస మీద వరస, చాలాసేపు తలపాగా చుట్టుకున్నాడు. కబురందుకుని వచ్చిన లారీవాళ్ళు చెరో పక్కనా పట్టుకుని నడిపించుకెళ్ళారు.

గేటు దాకా సాగనంపుదామనుకున్నాను. "పక్క మార్చమ్మా, ఇంకో కేసు వస్తోంది," అన్నారు మేట్రన్ గారు. దుప్పటి లాగి మడతపెట్టాను.