చిక్కటి ఆయిల్

అన్నయ్య పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లంతా "ఎంత మెత్తటి మనిషో!" అంటుంటే నాకు ఒళ్లు మండుతోంది. ఎవరి గురించి మాట్లాడుతున్నారు వీళ్లు?

అన్నయ్య పాత కార్ల మెకానిక్. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అప్పుడు పక్కన ఎవరు గుసగుసలాడినా వాళ్ల ఏడు తరాలకీ తిట్లే.

ఒకరోజు మా ఆయన తన తండ్రినాటి కారు షెడ్డుకి తెచ్చాడు, వెంట నేనూ వెళ్లాను. మర్నాడు నేను, మా అత్తగారు, చంటిది అందులోనే ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఇంజన్ అడుగున కొన్నాళ్లుగా ఏదో చప్పుడు. అన్నయ్య విన్నాడు.

"ఏమీ లేదే. వెళ్లిరండి."

మా ఆయన ముఖం చాటంతయింది. అది చూసి అన్నయ్యకి అనుమానమొచ్చింది. ఆయిల్ కొలిచే పుల్ల లాగి వేళ్ల మధ్య రాశాడు. పాకంలా సాగింది.

"ఏం పోశావు బావా?"

"కాస్త చిక్కటి ఆయిల్... చప్పుడు అణుగుతుందని. నీ చేతిలో పడితే నెల్లాళ్లు విప్పి కూర్చుంటావుగా!"

"దగ్గేవాడి నోట్లో గుడ్డ కుక్కి రోగం కుదిరిందంటావా? నా చెల్లెలు ఎక్కే బండిని నా నోటితోనే బాగుందనిపించావు కదయ్యా!"

ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేశాడు. "వేడెక్కితే ఎంత చిక్కటిదైనా పల్చబడుతుంది. కూర్చో. విను."

మా ఆయన పాత టైరు మీద కూర్చున్నాడు. నేను మంచినీళ్లిస్తే అన్నయ్య గ్లాసు తోసేశాడు. కాసేపటికి మొదలైంది: ముందు పక్కగదిలో ఎవరో తలుపు కొట్టినట్టు, తర్వాత సుత్తితో బాదినట్టు. అన్నయ్య ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ పెట్టాడు. మూడోది పీకగానే చప్పుడు తగ్గింది.

"ఇదిగో, దీని కింద బేరింగ్ అరిగింది. లోయ పక్కన పట్టేసేది ఇంజన్!"

"నీకు కోపమెక్కువ బావా," అని గొణిగాడు మా ఆయన.

అన్నయ్య నావైపు తిరిగాడు. "ఆయిల్ సంగతి నీకు తెలుసా?"

"తెలీదన్నయ్యా."

"అయితే రేపు మీరు బస్సుకెళ్లండి. ఈయన రాడు. అది విప్పి మళ్లీ బిగించేదాకా ఇక్కడే నాకు పానాలూ స్క్రూడ్రైవర్లూ అందిస్తాడు."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. మా ఆయన వాచీ తీసి నా చేతికిచ్చాడు, చొక్కా చేతులు మడుచుకున్నాడు.