బానెట్ మీద ప్రార్థన

కిందటేడు ఎండాకాలం. జువ్వలదిన్నె హార్బరులో మా పికప్ వ్యానుకు చేపలు ఎత్తుకుని చెన్నైకి బయలుదేరాం. బేరం చేసేది మా ఆవిడే కాబట్టి ఆమె కూడా వచ్చింది. బరువు మీద బండి లాగడం లేదని అంతకుముందే ఒక షెడ్డులో కంప్యూటరుతో సెట్టింగులు మార్పించి ఇంజిన్ పవర్ పెంచించాను. మనుబోలు దాటగానే బానెట్ కింద సుత్తితో కొట్టినట్టు శబ్దం మొదలైంది.

బండి పక్కకు ఆపి, ఆక్సిలేటర్ తొక్కి పట్టి మెకానిక్‌కు ఫోన్‌లో వినిపించాను.

"బేరింగ్ పోయినట్టుందన్నా. కదిపితే ఇంజిన్ పట్టేస్తాది" అన్నాడు.

మా బతుకంతా ఆ బండి మీదే. వెనక ఐసు కరిగి రోడ్డు మీద కారుతోంది. ఎవరికి ఫోన్ చేసినా ఇంకో బండి దొరకలేదు.

మా ఆవిడ దిగి, కాలకుండా పైట చెంగు మడిచి బానెట్ మీద చెయ్యి పెట్టింది. ఇంజిన్ ఆపబోయాను.

"ఆపబాకయ్యా. రోగం ఉన్నప్పుడే గదా ప్రార్థన చేసేది" అంది.

సరేనని మళ్లీ తొక్కి పట్టి కళ్లు మూసుకున్నాను. ఆమె ప్రార్థిస్తుంటే నాకు ఏడుపొచ్చి కాలు సడలింది. ఇంజిన్ ఆడుతూనే ఉంది గానీ ఆ సుత్తి శబ్దం ఆగిపోయింది. మెల్లగా తొక్కితే రాలేదు, గట్టిగా తొక్కితే వచ్చింది. ఆ మాటా, పవర్ పెంచించిన సంగతీ మెకానిక్‌కు మళ్లీ ఫోన్ చేసి చెప్పాను.

"అయితే బేరింగ్ కాదన్నా, పెంచిన పవర్ ఎక్కువైంది. తొక్కకుండా నిదానంగా పో" అన్నాడు.

ఆమెన్ చెప్పి ఆమె వచ్చి కూర్చుంది. "ప్రభువు వినినాడు చూడు" అంది.

నా కాలి సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. మమ్మల్ని గట్టెక్కించింది ఏదో ఈనాటికీ తేల్చుకోలేదు. చెన్నై చేరేదాకా ఆమె డాష్‌బోర్డు మీద చెయ్యి తీయలేదు, నేను గట్టిగా తొక్కలేదు.